పాత బండికి త్రెడ్లు పోయాయా? ముందు కొలవండి, తర్వాతే ట్యాపు పట్టుకోండి

మీరు అడిగింది ఇదీ: ఇరవై ఏళ్లుగా మూల పడి ఉన్న సింగిల్ సిలిండర్ బండిని మీరే విప్పడం మొదలుపెట్టారు. క్లచ్ కవర్ స్క్రూల్లో రెండు ఎంత తిప్పినా బిగుసుకోవడం లేదు. స్పార్క్ ప్లగ్ దాని రంధ్రంలో వదులుగా ఆడుతోంది. సైలెన్సర్ పైపును పట్టి ఉంచే స్టడ్ (తల లేని బోల్టు) ఒకటి సిలిండర్ హెడ్ దగ్గర విరిగిపోయింది. ఒక సైజు పెద్ద బోల్టు ఎక్కించమని ఒకరు, ఎపాక్సీ పెట్టి బిగించమని ఇంకొకరు సలహా ఇచ్చారు. పైగా ముందు ముందు దొరకవేమోనని కనిపించిన విడిభాగాలన్నీ ఇప్పుడే కొనేయాలా అన్నది మీ అనుమానం.

పెద్ద బోల్టు వద్దు, ఎపాక్సీ అసలే వద్దు. స్క్రూ రంధ్రాలకు తీగ ఇన్సర్టు (కొత్త త్రెడ్‌గా పనిచేసే తీగ చుట్ట), ప్లగ్ రంధ్రానికి గట్టి బుష్ (లోపలా బయటా త్రెడ్ ఉన్న లోహపు గొట్టం) వేయించండి. స్టడ్ ముక్కను ఓపికగా వేడి చేసి తీయండి. ఇక కొనుగోళ్ల మాట: బండి మొత్తం విప్పి, కొలిచి, జాబితా రాసుకునేదాకా ఒక్క భాగం కూడా కొనకండి. విప్పిన పాత ముక్క ఎంత అరిగినా, విరిగినా, బండి మళ్లీ రోడ్డెక్కేదాకా పారేయకండి. కొత్త భాగం సరైనదో కాదో తేల్చేది ఆ పాత ముక్కే.

స్క్రూలతో మొదలుపెడతాను, ఎందుకంటే మీ క్లచ్ కవర్ త్రెడ్లు పోవడానికి కారణం బహుశా తుప్పు కాదు. కవర్ చుట్టూ ఉండే స్క్రూలన్నీ ఒకే పొడవు ఉండవు. గతంలో ఎవరో విప్పి, కలిపేసి, చేతికొచ్చింది చేతికొచ్చినట్టు బిగించి ఉంటారు. పొడవు స్క్రూ వెళ్లాల్సిన చోట పొట్టిది పెడితే అది నాలుగు చుట్ల మీదే వేలాడుతుంది, బిగించగానే ఆ నాలుగూ ఊడొస్తాయి. పొట్టిది వెళ్లాల్సిన చోట పొడవుది పెడితే రంధ్రం అడుగు తగిలి ఆగిపోతుంది, కవర్ మాత్రం వదులుగానే ఉంటుంది, బిగించేవాడు ఇంకా బలం పెడతాడు. నేను కవర్ విప్పే ముందు ఒక అట్టముక్క మీద దాని ఆకారం గీసుకుంటాను. ఏ స్క్రూ ఎక్కడ వచ్చిందో అట్టలో అక్కడే గుచ్చుతాను. మీరు ఇప్పటికే విప్పేశారు కాబట్టి ఒక సన్నని తీగతో ప్రతి రంధ్రం లోతు కొలవండి, దానికి కవర్ మందం కలపండి. ఏ స్క్రూ ఎక్కడిదో తేలుతుంది. అల్యూమినియంలో స్క్రూ పట్టు కనీసం దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. 6 మి.మీ. స్క్రూ అయితే కనీసం 9 మి.మీ. లోపలికి దిగాలి.

ఏ త్రెడ్డో తెలుసుకోకుండా ట్యాపు (రంధ్రంలో త్రెడ్ కోసే పనిముట్టు) కొట్టకండి. పాత బండ్లలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. ఒక వెర్నియర్ కాలిపర్, ఒక పిచ్ గేజ్ ఉంటే చాలు. మెట్రిక్ త్రెడ్‌లో ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు దూరాన్ని, అంటే పిచ్‌ను, మి.మీ.లలో చెప్తారు: ఎం6 (6 మి.మీ. వ్యాసం) అయితే 1.0, ఎం8 అయితే 1.25. ఎం10 దగ్గర జాగ్రత్త. దుకాణంలో మామూలుగా ఇచ్చేది 1.5, జపాన్ బండ్లలో తరచుగా ఉండేది 1.25. పాత బ్రిటిష్ డిజైన్లలో లెక్క అంగుళాల్లో ఉంటుంది. అంగుళానికి ఎన్ని చుట్లు అన్నదే అక్కడ కొలత. 5/16 అంగుళం బోల్టునే చూడండి. సైకిల్ త్రెడ్ అని పిలిచే పాత రకంలో అంగుళానికి 26 చుట్లు, బ్రిటిష్ ఫైన్‌లో 22, విట్‌వర్త్‌లో 18, అమెరికన్ ఫైన్‌లో 24. నాలుగూ పక్కపక్కన పెడితే కంటికి ఒకటే.

ఇంకో చిక్కు ఉంది. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., అంటే ఎం8కీ దానికీ తేడా 0.06 మి.మీ. మాత్రమే. అందుకే ఎం8 బోల్టు 5/16 రంధ్రంలో రెండు చుట్లు హాయిగా వెళ్తుంది, మూడో చుట్టుకు బిగుస్తుంది. "తుప్పు పట్టింది కాబోలు" అనుకుని రెంచితో తిప్పితే ఉన్న త్రెడ్ మొత్తం చెరిగిపోతుంది. నా దగ్గరకు వచ్చిన ఒక ఇంజన్‌లో రాకర్ కవర్ స్టడ్ రంధ్రాలు నాలుగూ ఇలాగే పోయాయి. నాలుగింటిలోనూ రెండేసి రకాల చుట్లు ఒకదానిపై ఒకటి కోసుకుపోయి కనిపించాయి. అసలు బోల్టు ఒక్కటి దాచి ఉంచినా ఆ హెడ్‌కు ఆ గతి పట్టేది కాదు.

చుట్ల సంఖ్య కుదిరినా కోణం వేరుగా ఉండొచ్చు. విట్‌వర్త్, బ్రిటిష్ ఫైన్ త్రెడ్లు 55 డిగ్రీలవి. మెట్రిక్, అమెరికన్, సైకిల్ త్రెడ్లు 60 డిగ్రీలవి. పావు అంగుళంలో బ్రిటిష్ ఫైన్, సైకిల్ త్రెడ్ రెండూ అంగుళానికి 26 చుట్లే కాబట్టి ఒకదాని నట్టు ఇంకోదానికి ఎక్కుతుంది. చిన్న బ్రాకెట్‌కు అలా నడిపించినా నడుస్తుందేమో. బరువు మోసే చోట, బ్రేకు దగ్గర, ఇంజన్ లోపల మాత్రం ఆ పని చేయకండి. పాత బ్రిటిష్ పానాల మీద ఉండే అంకె నట్టు తలది కాదు, బోల్టు వ్యాసానిది. అందుకే 1/4 విట్‌వర్త్ అని రాసిన పానా, 5/16 బ్రిటిష్ ఫైన్ అని రాసిన పానా ఒకటే. ఇది తెలియక మెట్రిక్ పానా పెట్టి నట్టు మూలలు గుండ్రంగా చేసేస్తారు.

మీ బండి జపాన్ డిజైన్ అయితే స్క్రూ తల మీద చిన్న చుక్క ఉందేమో చూడండి. ఉంటే అది జపాన్ ప్రమాణం స్టార్ స్క్రూ. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ దానిలో అడుగుదాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి గాడిని తినేస్తుంది. ఆ ప్రమాణానికి సరిపోయే స్క్రూడ్రైవర్ బిట్టు, సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ ఉంటే చాలా స్క్రూలు గాయం లేకుండా వస్తాయి.

కొన్ని రంధ్రాల్లో త్రెడ్ పోయి ఉండదు, మురికితో మూసుకుపోయి ఉంటుంది. దానికి కొత్త ట్యాపు పెడితే మురికితో పాటు మంచి లోహాన్ని కూడా కోసేస్తుంది. నేను అదే సైజు పాత స్టీలు బోల్టు తీసుకుని పొడవునా రెండు మూడు గాడులు కోస్తాను. నూనె రాసి చేత్తో తిప్పుతూ వెనక్కీ ముందుకీ నడిపితే మురికి గాడుల్లోకి వస్తుంది, లోహం అలాగే ఉంటుంది. అడుగు మూసి ఉన్న రంధ్రాల్లో మాత్రం తర్వాత నూనె మిగలకూడదు. ఒకసారి కడిగిన క్రాంక్‌కేస్ రంధ్రం అడుగున నూనె ఉండిపోయిందని చూసుకోకుండా బోల్టు బిగించాను. నూనె నలగదు, పోవడానికి దారి లేదు. రంధ్రం పక్కన కేస్ పగిలి ముక్క ఊడొచ్చింది. వెల్డింగ్ చేయించి, మళ్లీ రంధ్రం వేసి, త్రెడ్ కోయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి మూసిన రంధ్రంలోనూ గుడ్డ చుట్టిన పుల్ల పెట్టి చూడనిదే బోల్టు పెట్టను.

ఇక ఇన్సర్టు. డైమండ్ ఆకారపు స్టెయిన్‌లెస్ తీగను స్ప్రింగులా చుట్టిన ముక్క అది. హెలికాయిల్ అన్నది ఒక కంపెనీ పేరే అయినా ఇప్పుడు ఆ వస్తువుకే అందరూ ఆ పేరు వాడతారు. పోయిన త్రెడ్‌ను డ్రిల్లుతో పెద్దది చేసి, కిట్‌తో వచ్చిన ప్రత్యేక ట్యాపుతో త్రెడ్ కోసి, ఆ తీగను తిప్పి దింపితే లోపల మళ్లీ పాత సైజు త్రెడ్ వస్తుంది. మీ పాత స్క్రూయే పడుతుంది. అల్యూమినియం కంటే ఆ తీగ గట్టిది, అందుకే మళ్లీ మళ్లీ విప్పే చోట అసలు త్రెడ్ కంటే ఇదే ఎక్కువ మన్నుతుంది. పెద్ద బోల్టు వద్దన్నది ఇందుకే: రంధ్రం చుట్టూ గోడ పలచబడుతుంది, కవర్ రంధ్రాన్ని కూడా పెద్దది చేయాల్సి వస్తుంది, ఆ త్రెడ్ కూడా పోతే ఇంకో అవకాశం మిగలదు. ఎపాక్సీ వేడికి మెత్తబడుతుంది, ఇంజన్ ఆయిల్ తగిలే చోట దాని పట్టు మీద నమ్మకం పెట్టుకోలేం.

పనిలో నేను తప్పకుండా చూసుకునేవి ఇవీ. డ్రిల్లు సైజు కిట్ మీద రాసినదే వాడండి, ఎం6కు అది దాదాపు 6.3 మి.మీ. ఉంటుంది. రంధ్రం నిటారుగా రావడం అన్నిటికంటే ముఖ్యం. చేతి డ్రిల్లుతో చేసే పనైతే, ముందుగా ఒక మందపాటి ఇనుప దిమ్మెలో డ్రిల్లింగ్ మిషన్ మీద నిటారు రంధ్రం వేయించుకోండి. దాన్ని కవర్ ముఖం మీద క్లాంపుతో బిగించి దారి చూపేదిగా వాడండి. డ్రిల్లు బిట్‌కు లోతు గుర్తుగా టేపు చుట్టండి. అల్యూమినియంకు కిరోసిన్ చుక్కలు వేస్తూ, ట్యాపును అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. ఇన్సర్టును దింపేటప్పుడు నొక్కకండి, తిప్పితే దానంతటదే దిగుతుంది. దాని పై అంచు ముఖం కంటే పావు నుంచి అర చుట్టు కిందకి దిగాలి. పైకి ఉంటే కవర్ కూర్చోదు. చివర ఉండే చిన్న కొక్కెం విరిచాక ఆ ముక్క మీ చేతిలోకి వచ్చిందో లేదో చూసుకోండి. క్రాంక్‌కేస్‌లో పడితే అది గేర్ల మధ్యకు వెళ్తుంది.

స్పార్క్ ప్లగ్ రంధ్రానికి నేను తీగ ఇన్సర్టు వాడను. ప్లగ్ విప్పినప్పుడు తీగ కూడా దానితో పాటు బయటకు రావడం చూశాను. పైన అంచు ఉండే గట్టి బుష్ మేలు. కానీ బుష్ దాకా వెళ్లే ముందు రంధ్రంలో ఉన్న ప్లగ్ సరైనదేనా చూడండి. చాలా బండ్లలో ప్లగ్ త్రెడ్ ఎం14, పిచ్ 1.25. త్రెడ్ పొడవు మాత్రం 12.7 మి.మీ. కావచ్చు, 19 మి.మీ. కావచ్చు. పొడవు ప్లగ్ పెట్టాల్సిన హెడ్‌లో ఏళ్ల తరబడి పొట్టిది నడిపితే, పై చుట్లు అరిగి వదులవుతాయి, కింది చుట్లు మసితో నిండిపోతాయి. అలాంటి హెడ్‌లో సరైన ప్లగ్ పెట్టాలంటే ముందు ఆ మసి తీయాలి. ఆ మసిలోకి కొత్త ప్లగ్‌ను బలంగా తిప్పితే మిగిలిన మంచి త్రెడ్ కూడా పోతుంది. సింగిల్ సిలిండర్ హెడ్ విప్పడం పెద్ద పనేమీ కాదు, కాబట్టి హెడ్ బల్ల మీద పెట్టి, లోపలి వైపు నుంచి బయటకు శుభ్రం చేయండి. అప్పుడే త్రెడ్ నిజంగా పోయిందో లేదో తెలుస్తుంది. బుష్ వేయించాల్సి వస్తే దాని పొడవు ప్లగ్ త్రెడ్ పొడవుతో సరిపోవాలి. త్రెడ్ చుట్లు దహన గదిలోకి బయటపడి ఉంటే అవి ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే మంట పుట్టిస్తాయి. పిస్టన్‌కు చిల్లు పడేది ఇలాంటి కారణాలతోనే. బుష్ వేశాక కొత్త ప్లగ్ వాషర్ తగిలేదాకా చేత్తోనే తిప్పండి, ఆపైన పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. టార్క్ రెంచి (బిగింపు బలం చూపే పానా) ఉంటే 14 మి.మీ. ప్లగ్‌కు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు.

విరిగిన స్టడ్ విషయంలో తొందర పడితే హెడ్ పోతుంది. వేడికి అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. అంటే హెడ్ మొత్తాన్ని సమంగా వేడి చేస్తే రంధ్రం స్టడ్ చుట్టూ వదులవుతుంది. నేను తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలేస్తాను. మర్నాడు ఆ నూనె శుభ్రంగా తుడిచేసి, గాలి ఆడే చోట హెడ్‌ను వేడి చేసి చల్లార్చడం మూడు నాలుగు సార్లు చేస్తాను. స్టడ్ కొంచెం పైకి ఉంటే దాని మీద నట్టు పెట్టి వెల్డ్ చేయించి, ఆ వేడి మీదే ముందు బిగించే వైపు ఒక వెంట్రుక వాసి, తర్వాత విప్పే వైపు తిప్పుతాను. ముఖానికి సమానంగా విరిగితే సరిగ్గా నడిమధ్యలో పంచ్ గుర్తు పెట్టి ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్‌తో రంధ్రం వేస్తాను. చాలాసార్లు సగం రంధ్రం పడేసరికి స్టడ్ దానంతటదే తిరిగి బయటకొస్తుంది. విరిగిన స్టడ్‌లో వేసిన రంధ్రంలోకి దించి తిప్పి తీసే ఈజీ అవుట్ అనే పనిముట్టు పేరు చూసి మోసపోకండి. అది గట్టిపరచిన స్టీలు. లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దాన్ని తాకలేదు, కరెంటు మెరుపులతో లోహాన్ని తినిపించే మిషన్ దగ్గరకే వెళ్లాలి.

ఇప్పుడు విడిభాగాలు. మొదట సంపాదించాల్సింది భాగం కాదు, మీ బండి పార్ట్స్ బుక్. వర్క్‌షాప్ మాన్యువల్ ఎలా విప్పాలో చెప్తుంది. పార్ట్స్ బుక్‌లో విడదీసిన బొమ్మలు, ప్రతి ముక్కకూ నంబరు ఉంటాయి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు దానితో పోల్చి చూడండి, ఎందుకంటే కంపెనీలు ఏడాది మధ్యలో కూడా డిజైన్ మార్చేవి. ఒకసారి ఫొటో చూసి కొన్న కిక్ షాఫ్ట్ అన్ని విధాలా సరిపోయింది, పళ్ల సంఖ్య ఒకటి తక్కువ. తర్వాతి సంవత్సరపు మోడల్‌ది అది. పాత షాఫ్ట్ బల్ల మీదే ఉంది, పళ్లు లెక్కపెట్టి ఉంటే రెండు నిమిషాల పని.

జాబితాలో చాలా భాగాలు అసలు బండి కంపెనీవి కావని మీకే తెలుస్తుంది. బేరింగు మీద 6204 అని ఉంటే ప్రపంచంలో ఎక్కడ కొన్నా లోపలి వ్యాసం 20, బయటిది 47, మందం 14 మి.మీ. చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి వ్యాసం వస్తుంది, 04 నుంచి పైకి ఈ లెక్క పనిచేస్తుంది. నంబరు పక్కన సీ3 అని ఉంటే వదలకండి, లోపల కాస్త ఎక్కువ ఖాళీ ఉన్న రకం అది, వేడెక్కే చోట కావాలనే పెడతారు. ఆయిల్ సీల్‌కు లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడూ దాని మీదే రాసి ఉంటాయి. చైన్ 428 అయితే పిచ్ 12.7 మి.మీ., 520 గానీ 530 గానీ అయితే 15.875. ఇవన్నీ "పాత బండి స్పేర్లు" అన్న పేరుతో వెతికితే ఎక్కువ పెట్టి కొంటారు, నంబరుతో వెతికితే కొత్తవి, మంచివి దొరుకుతాయి.

అప్పట్లో తయారై వాడకుండా ఉండిపోయిన కంపెనీ భాగాలంటే అందరికీ మోజు. గేరు, షాఫ్టు, లివరు అయితే నిజంగా మంచి వస్తువులు. రబ్బరు మాత్రం అట్టపెట్టెలో ఉన్నా ముసలిదవుతుంది. ముప్పై ఏళ్ల సీల్ పెదవి గట్టిపడి షాఫ్టును పట్టదు. పాత కండెన్సర్లు పెట్టెలోనే చెడిపోయి ఉంటాయి. టైరు పక్కన ఉండే తయారీ అంకెలు చూడండి: నాలుగు ఉంటే వారం, సంవత్సరం. మూడే ఉంటే అది 2000కి ముందుది, ఎంత మెరుస్తున్నా ఎక్కించొద్దు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, కొత్తగా కనిపించినా వద్దు. మీ బండి డ్రమ్ములో ఉన్న దుమ్మును కూడా గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

వేరేవాళ్లు చేసిన నకలు భాగాల్లో మంచివీ ఉన్నాయి, చెత్తవీ ఉన్నాయి. పెట్టె చూసి తేల్చలేం, పాత ముక్క పక్కన పెట్టి వెర్నియర్‌తో కొలిస్తేనే తేలుతుంది. కేబుళ్లు, ప్యాకింగులు, స్ప్రాకెట్లు ధైర్యంగా తీసుకుంటాను. క్యామ్, గేర్లు, పాయింట్ల సెట్టు కొనేముందు రెండుసార్లు ఆలోచిస్తాను. బుష్‌లు, స్పేసర్లు లేత్ మీద చేయించుకోవచ్చు. ఇరుసు, ఫుట్‌రెస్టు బోల్టు లాంటివి ఏ స్టీలో తెలియని కడ్డీతో చేయించకండి.

సిలిండర్ రీబోర్ చేయాల్సి (లోపలి వ్యాసం పెంచి కోయాల్సి) వస్తే పిస్టన్ చేతికి వచ్చాకే సిలిండర్ మిషన్ మీదకు వెళ్లాలి. నా స్నేహితుడి బండికి ముందే 0.50 మి.మీ. బోర్ చేసేశారు. తీరా వెతికితే దొరికింది 0.75 పిస్టన్ ఒక్కటే. మళ్లీ కోయాల్సి వచ్చింది. ఆ సిలిండర్‌కు ఇంకో రీబోర్ ఆయుష్షు అక్కడ వృథా అయిపోయింది. పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గ ఖాళీతో సిలిండర్ కోస్తారు కానీ, సైజు అంకెను బట్టి కోయరు.

తిరిగి బిగించేటప్పుడు తళుకు కోసం స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయాలనుకుంటే కొంచెం ఆలోచించండి. తేమ తగిలితే స్టెయిన్‌లెస్ పక్కన అల్యూమినియమే తినుకుపోతుంది, నాలుగేళ్ల తర్వాత స్క్రూ మళ్లీ పట్టేస్తుంది. వేసినా, త్రెడ్ పట్టేయకుండా రాసే యాంటీ సీజ్ పేస్టు రాసి, బిగింపు కాస్త తగ్గించండి. నూనె గానీ పేస్టు గానీ రాసిన త్రెడ్ అదే టార్క్‌కు ఎక్కువ లాగుతుంది. పాత అల్యూమినియంలో ఎం6 స్క్రూకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు దాటను. స్పార్క్ ప్లగ్‌కు మాత్రం ఆ పేస్టు రాయకండి. పూత ఉన్న ప్లగ్‌లకు అది అక్కర్లేదని తయారీదార్లే చెప్తారు, రాస్తే తెలియకుండానే ఎక్కువ బిగించేస్తాం.

మీరు ముందుగా నాలుగు కొలతలు తీసి ఇక్కడ రాయండి: క్లచ్ కవర్ స్క్రూ వ్యాసం, పిచ్, ప్లగ్ త్రెడ్ పొడవు, స్టడ్ హెడ్ ముఖం నుంచి ఎంత పైకి మిగిలిందో. స్టడ్ 5 మి.మీ. పైకి ఉన్నా నట్టు వెల్డ్ చేసే పద్ధతే చాలు, డ్రిల్లు జోలికి వెళ్లకండి.